రెండో పేరు చెప్పండి

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

మన స్వాతంత్ర్య పోరాటంలో ముఖ్యులెవరో, వాళ్ల ఆలోచనలేమిటో యువతకు చెప్పమని సంఘం వారు నన్ను పిలిచారు. పావుగంట ఇచ్చారు. నేను బి.ఎడ్. చదివినదాన్ని, పైగా హాస్టల్ వార్డెన్‌ని. పావుగంట అరగంట అవుతుందని వాళ్లకూ తెలుసు.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. 1922లో మన కొండల్లో జరిగిన పోరాటం అనగానే మీ నోటికొచ్చే మొదటి పేరు ఏది? అల్లూరి సీతారామరాజు. అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. చాలా సంతోషం. ఇప్పుడు రెండో పేరు చెప్పండి.

చూశారా, ఎంత నిశ్శబ్దమో! ఎవరో ఒకరిద్దరు నెమ్మదిగా గంటం దొర అన్నారు, వాళ్లకు నా అభినందనలు. మిగతావాళ్లు తల దించుకోనక్కర్లేదు. పాఠంలో ఉన్నది ఒక పేరు, పరీక్షలో అడిగేది ఒక పేరు, విగ్రహం ఉన్నది ఒక పేరుకి. మీకు రెండో పేరు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రోజు ఆ రెండో పేరు గురించి, మూడో పేరు గురించి, వాళ్లందరి బుర్రల్లో ఉన్న ఆలోచనల గురించి మాట్లాడతాను.

ముందే ఒక మాట. రాజుగారి గొప్పతనాన్ని తగ్గించడానికి నేను ఇక్కడికి రాలేదు. 2022 ఏప్రిల్‌లో మన జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం, అది న్యాయమే. మైదానంలో పుట్టి, మన కోసం ప్రాణం ఇచ్చిన మనిషి ఆయన. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆయన కొండ ఎక్కి వచ్చేసరికి మనవాళ్లు నిద్రపోతూ లేరు. అప్పటికే నలభై ఏళ్లుగా లేచి నిలబడి ఉన్నారు.

రాజు రాకముందు

1879 మార్చికి వెళదాం. రాజుగారు అప్పటికి ఇంకా పుట్టలేదు. రంప కొండల్లో మనవాళ్లు పోలీసు ఠాణాల మీద పడ్డారు. ఆ మంట అటు విశాఖ కొండలకు, ఇటు భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం పోలీసులు చాలక పటాలాలను దింపింది. అయినా పూర్తిగా చల్లారడానికి 1880 గడిచిపోయింది.

ఎందుకు తిరగబడ్డారు? కారణాలు మీ ఇంటి అరుగు మీద కూర్చుని అర్థం చేసుకోగలిగినవే.

మొదటిది కల్లు. జీలుగు చెట్టు, తాటి చెట్టు మన పెరట్లో ఉంటాయి. పండగైనా, పెళ్లైనా, చావైనా ఆ చెట్టు దగ్గరికే వెళతాం. రంపకు పైన ఉన్న మన్సబుదారు చెట్టుకు పన్ను వేశాడు, దాన్ని చిగురుపన్ను అన్నారు. ఆ తరువాత వచ్చిన ఆబ్కారీ చట్టంతో సొంత చెట్టు నుంచి కల్లు గీసుకోవడానికే వీల్లేదని, హక్కు కాంట్రాక్టరుదని అన్నారు. తాత నాటిన చెట్టుకు ఎవరో కింద నుంచి వచ్చి యజమాని అయ్యాడు.

రెండోది అప్పు. ఉప్పుకీ గుడ్డకీ షావుకారు దగ్గర అప్పు. ఆ అప్పు మీద కోర్టు డిక్రీ. కోర్టు ఎక్కడో కింద పట్నంలో ఉంది. మనవాడికి సమన్లు అంటే ఏమిటో తెలియదు, వాయిదాకు వెళ్లలేదు. తీర్పు ఏకపక్షంగా వచ్చేసింది. చిన్న అప్పుకు పశువులన్నీ తోలుకుపోయారు.

మూడోది పోడు. రేకపల్లి వైపు పోడు మీద పన్ను పెంచారు, కొన్నిచోట్ల పోడే కొట్టవద్దన్నారు.

ఆ పోరాటంలో నడిచినవాళ్ల పేర్లు కొన్ని కాగితాల్లో మిగిలాయి. కారం తమ్మన్న దొర, ద్వారబంధం చంద్రయ్య, అంబుల్ రెడ్డి. చంద్రయ్య 1880లో చనిపోయాడు. పట్టుబడినవాళ్లలో కొందరిని అండమాన్‌కు పంపారు. చివరకు ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? ఆ మన్సబుదారును తప్పించి, ముఠాదారులతో నేరుగా ఒప్పందం చేసుకుంది. అంటే మనవాళ్లు చెప్పిన ఫిర్యాదు నిజమేనని సర్కారే ఒప్పుకున్నట్టు.

ఇక్కడ ఒక పదం నేర్చుకోండి. ఆ రోజుల్లో ఇలాంటి తిరుగుబాటును కాగితాల్లో ఫితూరీ అని రాశారు. ఆ మాటకు అల్లరి, అలజడి అనే అర్థం. పశువులు పోయినవాడు ఎదురు తిరిగితే అల్లరి అన్నారు, పశువులు తోలుకుపోయినవాడి పనిని చట్టం అన్నారు. పేరు పెట్టే కలం ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్ల వైపు నడుస్తుంది. మీరు చదువుకోవాలని నేను ఇంతగా పోరేది అందుకే.

అడవికి తాళం

1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద అడవిని కొలిచి రాళ్లు పాతి, ఇది రిజర్వు, ఇందులో నీకు పని లేదు అన్నారు. పోడు నేరం. పశువుని మేపితే నేరం. కట్టె తెస్తే నేరం. అడవిలో తిరగడానికే అనుమతి కావాలి. గార్డు వస్తే కోడి, నెయ్యి, తేనె ఇచ్చుకోవాలి.

ఒక్క క్షణం ఆలోచించండి. చింతపండు, అడ్డాకు, కుంకుడు, తేనె, దుంప, జీలుగు. ఇవి లేకుండా మీ ఊళ్లో ఒక నెల గడుస్తుందా? ఆ చట్టం రాసినవాళ్లకు అడవి అంటే కలప. మనకు అడవి అంటే అన్నం, మందు, ఇల్లు, దేవత. రెండు వేర్వేరు కళ్లు ఒకే కొండను చూశాయి. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ తరువాత రోడ్డు. ఇవాళ మీరు నర్సీపట్నంలో బస్సెక్కి, లంబసింగి ఘాట్‌లో చలికి కిటికీ మూసుకుని, చింతపల్లిలో దిగుతారు. ఆ ఘాట్ మీద రోడ్డు వేసింది మన తాతల తాతలు. ఇష్టపడి వేయలేదు, పట్టుకొచ్చి వేయించారు. గూడెం తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ కాలంలో కూలికి రావలసిన డబ్బు చేతికి సరిగా అందేది కాదు. కోత కాలంలో చేను వదిలి రాళ్లు కొట్టాలి. రాకపోతే దెబ్బలు. బాస్టియన్ మీద ఫిర్యాదులు వెళ్లాయి, ఫలితం లేదు.

ఇక్కడ మన రెండో పేరు వస్తుంది. బట్టిపనుకుల గ్రామ మునసబుగా ఉన్న గాం గంటం దొర. పదవి నుంచి తీసేశారు. ఆయన తమ్ముడు గాం మల్లు దొర. ఈ అన్నదమ్ములకు సర్కారు మీద కోపం ఎవరో వచ్చి నూరిపోస్తే పుట్టలేదు. సొంత ఇంటి అరుగు మీదే పుట్టింది.

రాజు ఏం తెచ్చారు

సీతారామరాజు 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేటకు వచ్చారు. సన్యాసి వేషం, మూలికా వైద్యం, జాతకాలు, పురాణాలు. జనం దగ్గరికి చేరారు. ఆ తరువాత దేశంలో సహాయ నిరాకరణ మొదలైంది. కోర్టులకు వెళ్లొద్దు, మీ తగవు మీ పంచాయతీలోనే తీర్చుకోండి, తాగుడు మానండి, ఖద్దరు కట్టండి అని చెప్పడం మొదలుపెట్టారు.

జాగ్రత్తగా వినండి. కోర్టుకు వెళ్లవద్దు అనే మాట పట్నంలో చెబితే అదొక రాజకీయ కార్యక్రమం. అదే మాట మన కొండల్లో చెబితే, నలభై ఏళ్ల కిందట డిక్రీల్లో పశువుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకు అది సొంత మాట. అందుకే నాటుకుంది. విత్తనం ఆయనది కావచ్చు, నేల మనవాళ్లు అప్పటికే దున్ని ఉంచారు.

అయితే ఆయన కొత్తగా తెచ్చినవీ ఉన్నాయి, అవి చిన్నవి కావు. ఒకటి, చూపు. అంతకు ముందు పోరాటం ఒక మన్సబుదారు మీద, ఒక షావుకారు మీద, ఒక గార్డు మీద జరిగేది. వీళ్లందరి వెనకా ఉన్నది ఒకే తెల్ల ప్రభుత్వమని, అది పోతే తప్ప ఇవి పోవని, కావలసింది స్వరాజ్యమని ఆయన కలిపి చూపించారు. రెండోది, క్రమశిక్షణ. గాంధీగారంటే గౌరవం ఉన్నా, ఆయుధం లేకుండా ఈ పని కాదని నమ్మిన మనిషి ఆయన. కానీ ఆ ఆయుధానికి ఒక నియమం పెట్టారు.

మూడు రోజులు, మూడు ఠాణాలు

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులు. చేతికి వచ్చినవి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. ఏమేం తీసుకున్నదీ ఠాణా పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లారు. దొంగ రశీదు రాయడు. ఇది ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వంతో మాట్లాడే పద్ధతి.

రాజవొమ్మంగి ఠాణాలో బందీగా ఉన్న ఒకాయనను విడిపించారు. మొట్టడం వీరయ్య దొర. మీ మూడో పేరు ఇది, రాసుకోండి. రాజుగారి పోరాటం మొదలయ్యే నాటికే సర్కారు మీద ఎదురు తిరిగి నిర్బంధంలో ఉన్న మనిషి ఆయన. అంటే పాత పోరాటమూ కొత్త పోరాటమూ రాజవొమ్మంగి ఠాణా గుమ్మంలో కలుసుకున్నాయి. ఇంకా కొన్ని పేర్లు చెబుతాను. కంకిపాటి ఎండు పడాలు. గోకిరి ఎర్రేసు. బోనంగి పండు పడాలు. ఈ ఇంటిపేర్లు ఉన్న పిల్లలు మన హాస్టళ్లలో ఇవాళ కూడా ఉన్నారు. హాజరు పిలిచేటప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో ఇద్దరు తెల్ల అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, చనిపోయారు. మాటు వేసిన మనవాళ్లు ముందుగా నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చారు. మన దేశపు మనిషి మీద దెబ్బ వేయవద్దన్నది రాజు నియమం. చేతిలో తుపాకి, ఎదురుగా యూనిఫాం, ఆ క్షణంలో కూడా ఎవరు శత్రువు, ఎవరు కడుపు కోసం వచ్చిన కూలివాడు అని తేడా చూడగలిగారు. చదువు రాదని మనల్ని వెక్కిరించేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

అక్టోబర్‌లో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలకు వెళితే ఆయుధాలు ముందే తరలించేశారు. డిసెంబర్ 6న పెదగడ్డపాలెం దగ్గర మనవాళ్లకు పెద్ద దెబ్బ తగిలింది, మనుషులు పోయారు, తుపాకులు పోయాయి. మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు. 1924లో అస్సాం రైఫిల్స్‌ను కూడా దించారు. రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేకంగా వేశారు. 1923 సెప్టెంబర్‌లో మల్లు దొర పట్టుబడ్డాడు. 1924 మే 7న రాజుగారిని పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చారు. విచారణ లేదు. నెల తిరిగి జూన్ మొదటి వారం వచ్చేసరికి గంటం దొర కూడా పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు.

ఆ మధ్య నెల గురించి ఆలోచించండి. నాయకుడు పోయాడు. బలగం చెదిరింది. అడవి నిండా పోలీసులు. లొంగిపోతే బతకవచ్చునేమో. గంటం దొర లొంగలేదు. ఎవరో ఒకరి మాయలో పడి వెంట నడిచిన మనిషైతే ఆ మనిషి పోయిన మర్నాడే ఇంటికి వెళ్లిపోతాడు. తన సొంత లెక్క కోసం, తన ఊరి లెక్క కోసం నడిచిన మనిషి మాత్రమే అలా నిలబడతాడు.

అన్నం పెట్టిన చేతులు

1922 ఆగస్టు నుంచి 1924 మే దాకా ఇంచుమించు ఇరవై ఒక్క నెలలు. రెండు వానకాలాలు. ఇన్నాళ్లు అడవిలో ఉన్నవాళ్లు ఏం తిన్నారు? ఎవరు వండారు? పోలీసులు ఏ దారిలో వస్తున్నారో ఎవరు చెప్పారు? సర్కారు ఊళ్లకు బియ్యం చేరకుండా కట్టడి చేసింది. పోరాటం చేసేవాళ్లకు అన్నం పెట్టారన్న అనుమానంతో గూడేలను వేధించారు. ఒక పిడికెడు గంటెలు ఎక్కువ వండడం కూడా నేరమైన కాలం అది. ఆ పిడికెడు వండినవాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. అవి మన అవ్వలు, ముత్తవ్వల పేర్లు.

అందరూ ఒక్కటిగా ఉన్నారని నేను అబద్ధం చెప్పను. కొందరు ముఠాదారులు సర్కారు వైపు నిలిచారు, కొందరు భయపడి కబురు చేరవేశారు, కొందరు తలుపు వేసుకుని కూర్చున్నారు. కొండ మీద బతికేవాళ్లు కూడా మనుషులే. అటు మైదానం నుంచి వచ్చి మనతో నడిచినవాళ్లూ ఉన్నారు. అగ్గిరాజు అని పిలుచుకున్న వేగిరాజు సత్యనారాయణ రాజు అలాంటివాడు. పట్టుబడి అండమాన్ చేరాడు, అక్కడే కన్నుమూశాడు. ఎవడు మనవాడు అన్నదానికి మన పెద్దల కొలత పుట్టుక కాదు, నడక.

మల్లు దొర కథ మీకు తప్పక చెప్పాలి. ఆయనకు మొదట ఉరిశిక్ష పడింది. దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్‌కు పంపారు. ఏళ్ల తరబడి జైలు. బయటికి వచ్చాడు. స్వతంత్రం వచ్చాక 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒకప్పుడు ఏ రాజ్యం ఆయన మెడకు ఉరితాడు రాసిందో, ఆ రాజ్యం కట్టించిన ఢిల్లీ భవనంలోనే సభ్యుడిగా కూర్చున్నాడు. ఈ కథ సినిమాలో చూపిస్తే అతిగా ఉందంటాం. ఇది మన కొండ మనిషి జీవితం. పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు ఈ పేరు ఇవాళే పుస్తకంలో రాసుకోండి.

మాటలేని వేషం

మా హాస్టల్లో ప్రతి ఏడాది పిల్లలు ఆగస్టు పదిహేనుకి నాటకం వేస్తారు. మన్యం వీరుడి నాటకమే వేస్తారు. రాజుగారి వేషం కోసం పిల్లల మధ్య తగువు. ఒక ఏడాది గంటం దొర వేషం ఇస్తే ఒక అమ్మాయి వద్దంది. ఎందుకమ్మా అని అడిగితే, "మేడమ్, అందులో ఒక్క మాట కూడా లేదు, విల్లు పట్టుకుని పక్కన నిలబడటమే" అంది. నాటకం కాగితం తీసి చూశాను. నిజమే. తొమ్మిది మంది గిరిజనులు ఉన్నారు, తొమ్మిది మందికీ కలిపి "జై" అనే మాట ఒక్కటి. ఆ రాత్రి మేం అందరం కూర్చుని గంటం దొరకు మాటలు రాశాం. తన భూమి గురించి, రోడ్డు కూలి గురించి, రాజుగారితో ఎందుకు కలిసి నడుస్తున్నాడో తానే చెప్పుకునే మాటలు. ఆ అమ్మాయే ఆ వేషం వేసింది. మరుసటి ఏడు ఆ వేషం కోసమే తగువు పడ్డారు.

ఇది నాటకంతో ఆగే సంగతి కాదు. మాటలేని వేషం వేసి వేసి పిల్లలకు ఒక నమ్మకం ఏర్పడిపోతుంది. మనల్ని ఎవరో ఒకరు వచ్చి ఉద్ధరించాలి, ఎవరో పథకం ఇవ్వాలి, ఎవరో మన తరఫున మాట్లాడాలి అని. గ్రామసభలో వెనక నిలబడతారు. ఆఫీసులో కాగితం ఇచ్చి ఏమీ అడగకుండా వచ్చేస్తారు. చదివిన డిగ్రీ ఉన్నా నోరు రాదు. చరిత్రలో మన వేషానికి మాటలు లేకపోతే, వర్తమానంలో కూడా ఉండవు. నాకు అసలు భయం అదే.

నాలుగు ఆలోచనలు

టీచర్ కదా, పాఠం చివర ముఖ్యాంశాలు చెప్పకపోతే నిద్ర పట్టదు. వేళ్ల మీద లెక్క పెట్టుకోండి.

ఒకటి, అడవి మీద హక్కు దాన్ని కాచుకుని బతికేవాడిది. 1879లో చెట్టు కోసం, 1922లో పోడు కోసం మనవాళ్లు అడిగింది ఇదే. 1940లో అటు ఆదిలాబాద్ అడవుల్లో, జోడేఘాట్ దగ్గర, నిజాం సర్కారు తూటాలకు బలైన కొమరం భీం అడిగిందీ ఇదే. పాలకుడు వేరు, అడవి వేరు, ప్రశ్న ఒకటే.

రెండు, చెమటకు కూలి ఇవ్వాలి. వెట్టి ఎవరు చేయించినా వెట్టే.

మూడు, మన తగవు మన మధ్యే తీరాలి. మన గురించి తీర్పు చెప్పేవాడికి మన భాష, మన కష్టం తెలియాలి.

నాలుగు, ఎవరితో పోరాడుతున్నామో తెలిసి పోరాడాలి. కనిపించిన ప్రతివాడినీ కొట్టేది పోరాటం కాదు.

ఈ నాలుగు ఆలోచనలు 1924లో చచ్చిపోలేదు. చట్టాలుగా మారి మీ చేతికి వచ్చాయి. స్వతంత్ర భారత రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు ఉంది. మన ప్రాంతానికి ప్రత్యేక రక్షణ ఇచ్చేది అదే. 1959 భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేసిన 1970 సవరణ ఉన్నాయి. మన పెద్దలు 1/70 అని పిలిచేది దీన్నే. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని చెప్పే చట్టం అది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు వాళ్లకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదంది. ఆ కేసు మన అనంతగిరి కొండల్లో, బొర్రా వైపు పుట్టిందే. గ్రామసభకు బలమిచ్చిన 1996 పెసా చట్టం ఉంది.

అన్నిటికంటే, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 1882 చట్టం పోడును నేరం అంటే, ఈ చట్టం ఆ మాటను తిరగరాసింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు, అంటే ఇంచుమించు పది ఎకరాల వరకు, హక్కు ఇవ్వాలంది. పత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలంది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు మనదంది. దరఖాస్తు పరిశీలన మొదలయ్యేది గ్రామసభలో. మీరు ఉండే గ్రామసభలో, నాయనలారా! మీ తాత పక్కన మీరు కూర్చుని ఆ కాగితం చదివి వినిపించే గ్రామసభలో.

చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన పని జరగదని మీ అందరికీ తెలుసు. తిరస్కరించిన దరఖాస్తులు ఉన్నాయి, కొలత తప్పులు ఉన్నాయి, భర్త పేరు ఒక్కటే రాసి వదిలేసినవి ఉన్నాయి. వాటిని పట్టుకోవాలంటే చదవడం రావాలి, అడగడం రావాలి. గంటం దొర కాలంలో ఫిర్యాదు పెట్టుకుంటే వినే దిక్కు లేదు. మీకు అప్పీలు ఉంది, సమాచార హక్కు ఉంది, ఓటు ఉంది. ఆయన విల్లు పట్టిన చోట మీరు కలం పట్టగలరు. కలం కూడా పట్టకపోతే మాత్రం ఆయనకు మనం మొహం చూపించలేం.

మీకు హోంవర్క్

హోంవర్క్ లేకుండా నేను ఎవరినీ వదలను. రెండు పనులు చెబుతాను.

మొదటిది, ఈ సెలవుల్లో మీ ఊళ్లో అందరికంటే పెద్ద వయసువాళ్ల దగ్గర కూర్చోండి. నూరేళ్లు దాటిపోయింది. ఆ పోరాటం చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. చూసినవాళ్ల నోట విన్నవాళ్లు మాత్రం ఇంకా కొందరు ఉన్నారు, అరుగుల మీద చుట్ట కాల్చుకుంటూ. వాళ్లు వెళ్లిపోతే ఆ కథలు కూడా వెళ్లిపోతాయి. మీ అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, రీల్సు చేస్తున్నారు, నాకు తెలుసు. అదే ఫోన్లో అవ్వ గొంతు రికార్డు చేయండి. ఏ బండ కింద దాక్కున్నారట, ఎవరింట్లో వండారట, ఏ కనుమలో దిగారట, అడగండి. మీ భాషలోనే చెప్పమనండి. కువి అయినా, కోయ అయినా, ఆదివాసీ ఒడియా అయినా సరే. తెలుగులోకి తరువాత రాసుకోవచ్చు. ఊరి పేరు, చెప్పినవాళ్ల పేరు, తేదీ రాసి పెట్టండి. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. ఏది నిజమో తేల్చడం తరువాతి పని, ముందు పోనివ్వకుండా పట్టుకోవడం మన పని.

రెండోది, మీ ఇంట్లో ఉన్న భూమి కాగితం తీసి చదవండి. అమ్మ పేరు ఉందా చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం చూడండి. అర్థం కాకపోతే అడగడానికి సిగ్గుపడకండి. మా హాస్టల్‌కి వచ్చినా సరే, టీ ఇచ్చి మరీ చదివి చెబుతాను.

ఈ రెండు పనులూ ఒకటే పని అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. కథ కాగితంలో లేకపోతే వీరుడు పోతాడు. పేరు కాగితంలో లేకపోతే భూమి పోతుంది.

వచ్చే ఏడాది ఇదే సభలో నేను ఉన్నా లేకపోయినా, ఎవరో ఒకరు మిమ్మల్ని మళ్లీ అడుగుతారు, మొదటి పేరు తరువాత రెండో పేరు ఏమిటని. అప్పుడు గంటం దొర, మల్లు దొర, వీరయ్య దొర, ఎండు పడాలు, ఎర్రేసు, పండు పడాలు అని వరుసగా చెప్పండి. ఆ తరువాత, ఏ పుస్తకంలోనూ లేని మీ ఊరి పేరు ఒకటి, మీ ముత్తవ్వ పేరు ఒకటి చేర్చండి. అది వినాలని నా కోరిక.

అల్లూరికి జోహార్. గంటం దొరకు జోహార్. పేరు తెలియని అవ్వలకు, తాతలకు జోహార్. జై ఆదివాసీ.